శ్రుతి కుదరని జయరాజు

జయరాజు గిటారు మెడలో వేసుకున్నాడంటే పాట మొదలవుతుందని కాదు, శ్రుతి మొదలవుతుందని అర్థం. తల వంచి, తీగలకు చెవి ఒగ్గి, ఒక మర తిప్పుతాడు. టింగుమనిపిస్తాడు. మొహం చిట్లిస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. ఈలోగా జనానికి తలలు నెరుస్తాయి.

డెబ్భై ఎనిమిదిలో మా రాక్ అండ్ రోల్ బ్యాండులో ఉన్నది ముగ్గురమే. చర్చిలో గిటారు నేర్చిన జయరాజు, పాడటానికి అతని చెల్లెలు విమల, డ్రమ్ములకు నేను. మాది కొత్తవాడలో జంఖానాలు నేసే ఇల్లు. మగ్గం మీద చేతులూ కాళ్ళూ ఒక్కసారే ఆడించేవాడికి డ్రమ్ములొక లెక్కా అని జయరాజే నన్ను లాక్కొచ్చాడు. శ్రుతి సంగతి నాకు బొత్తిగా తెలియదు.

వర్ధన్నపేటలో ముందు వరసలో కూర్చున్న వెంకటయ్య అనే పెద్దాయన, జయరాజు శ్రుతి చూస్తుండగా లేచి ఇంటికి వెళ్ళి, అన్నం తిని, బర్రెకు గడ్డి వేసి తిరిగొచ్చాడు. పాటలు అయిపోయాయేమోనని పాపం పరుగున వచ్చాడట. వీడింకా రెండో తీగ మీదే ఉన్నాడు. రఘునాథపల్లి పెళ్ళిలోనైతే బరాత్ మా ముందునుంచి సాగి, ఊరంతా తిరిగి మళ్ళీ మా ముందుకే వచ్చింది. పల్లీలమ్మే మల్లక్క ఒక్కతే మా ప్రతి ప్రోగ్రాముకూ గంపతో వచ్చి, ఆ పిల్లగాడు సల్లగుండాలని దీవించేది.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. వెనక కూర్చుని వాడి వీపుకేసి గుడ్లురిమి చూసేవాణ్ణి. ఎప్పటికో వాడు వెనక్కి తిరిగి, నన్ను ఎగాదిగా చూసి, వన్ టూ అనేవాడు. ఆ కోపమంతా డ్రమ్ముల మీద తీర్చుకునేవాణ్ణి.

ఒకసారి కాజీపేటలో మా ప్రోగ్రాం వినడానికి హైదరాబాదు హోటలు మేనేజరు సారంగపాణి గారు వచ్చారు. నచ్చితే ప్రతి శనివారం వాళ్ళ హోటల్లో మా బ్యాండే. ఆయన రైలు ఏడింటికి. మేం స్టేజి ఎక్కింది ఆరింటికి. ఆరున్నరయింది. మేనేజరు గడియారం చూసుకుంటున్నారు. జయరాజు టింగుమనిపిస్తున్నాడు. విమల నిమ్మళంగా పల్లీలు ఒలుచుకుంటోంది.

"బండి పోతాంది రా. నువ్వు మనిషివేనా?" అని పళ్ళు కొరికాను.

వాడు తిరిగి నన్ను చూసి, "ఇగ కుదిరింది," అన్నాడు.

రెండు పాటలకే మేనేజరు లేచారు. మన పని అయిపోయిందనుకుని గేటు దాకా వెంటపడ్డాను. ఆయన నవ్వారు. "వచ్చే నెల రాండ్రి. నీ దెబ్బ మస్తుగుంది, నువ్వు తప్పకుండ రావాలె. గానీ ఒక్క మాట. నేనూ గిటారు వాయించినోన్నే. మీవోని గిటారు మొదటి నిమిషంలనే శ్రుతిల ఉండె. తర్వాత అరగంట ఒక్కటే తీగను దించుడు, ఎక్కించుడు. ఎందుకో అడుగు."

అడిగాను. జయరాజు తల గోక్కున్నాడు.

"నీ చేతులు సూస్తాంటి. మొదటి ప్రోగ్రాంల భయానికి డ్రమ్ము కట్టె జారి ముందటోల్లకు తగిలితే, ఇగ రానని ఏడ్చినవ్ యాదుందా?"

ఆ ముచ్చట మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను.

"నీకు నా మీద కోపమొస్తే వణుకుడు బందైతది," అన్నాడు. "ఇయ్యాల పెద్దసారొచ్చిండని నీ భయం జల్ది పోలే."

"మరి ఆయన పోయుంటే?"

"పోతే పోనీ. హోటల్ ఇంకోటి దొరుకుతది. నువ్వు అందరి ముందట మల్ల ఆగమైతే, నిన్ను డ్రమ్ముల కాడికి ఎవడు తెస్తడు?"

వాణ్ణి అన్ని తిట్లు తిట్టుకున్నందుకు సిగ్గేసింది. అంత ప్రేమా పుట్టింది.

హైదరాబాదులో మొదటి శనివారం వాడు యథాప్రకారం మర తిప్పడం మొదలుపెట్టాడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. చేతులు చూసుకున్నాను. వణకడం లేదు. రెండూ పైకెత్తి చూపించి, "నాకేం ఫికర్ లేదు, షురూ చెయ్," అన్నాను.

"జర ఆగు కొమురెల్లీ," అన్నాడు వాడు చెమట తుడుచుకుంటూ. "ఈపారి నిజంగనే కుదుర్తలేదు."