వాకిట్లో నాయన గీసిన కోణం

మనవరాలి జామెట్రీ పెట్టె తెరిస్తే పెన్సిల్ పొట్టు వాసన, రబ్బరు వాసన, అడుగున చల్లగా తగిలే కాంపాసు. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా పూతలపట్టు దగ్గర మా ఊరి వాకిలి గుర్తుకొస్తుంది. ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదంటే రాయడం రాకే. మా కాలంలో ఆడపిల్ల చేతికి ముగ్గుపిండి ఇచ్చారు గానీ బలపం ఇవ్వలేదు. అరవై దాటాక ఈ పిల్ల పక్కన కూర్చునే అక్షరాలు దిద్దాను.

స్వాతంత్ర్యం రాకముందు మాట. నాయన చిత్తూరు బడిలో కొన్ని తరగతులు చదివి, తాత పోవడంతో సేద్యంలోకి వచ్చినవాడు. కాంపాసుతో, కొలతలు లేని బద్దతో ఏ కోణాన్నయినా సగం చేయొచ్చు గానీ, ఏ కోణమిచ్చినా మూడు సమభాగాలు చేసే దారి మాత్రం లేదని బడిలో లెక్కల ఐవారు చెప్పారట. ఆ మాట నాయనలో ముల్లులా దిగింది. దున్నుతూ దున్నుతూ ఎద్దులను ఆపి మట్టిలో గీసేవాడు, బెల్లం వండేచోట బూడిదలో గీసేవాడు, సంగటి ముందు కూర్చుని చెంబులో వేలు ముంచి నేలమీద గీసేవాడు.

ఆ ఏడు ధనుర్మాసం మొదట్లో దారి దొరికిందన్నాడు. ఊరంతా చెప్పాడు, ఐవారికి కబురు పంపాడు. కాగితం మీదైతే ఎవరి కంటికీ ఆనదని, వాకిలి అలికించి, మేకు కొట్టి, దానికి పగ్గం కట్టి తిప్పి వంపుగీత వేసి, ముగ్గుపిండితో పెద్ద కోణం గీశాడు. దాని రెండు కొసలనూ కలుపుతూ అడ్డగీత లాగి, ఆ అడ్డగీతను మూడు సమభాగాలు చేసి, ఆ గుర్తుల మీదుగా మేకు నుంచి వంపుగీత దాకా రెండు గీతలు వేశాడు. ఐవారు వచ్చి చూసేదాకా ఎవరూ తొక్కకూడదు, కల్లాపి చల్లకూడదు, ముగ్గు వేయకూడదు.

మా వైపు ముగ్గు లేని వాకిలంటే చావు జరిగిన ఇల్లు. అందులోనూ నెల పట్టిన రోజులు, ఊరంతా పేడనీళ్ళ వాసన, ప్రతి వాకిట్లో గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు. మా వాకిట్లో మాత్రం ఆ గీతలే. పైగా లోపల నాయన తల్లి, మా అవ్వ, దగ్గుతో మంచం పట్టి ఉంది.

"ముసలామె మంచంలో ఉండాది. వాకిలి ఇట్ల పెడితే యముడికి దారి సూపినట్టు గాదా?" అంది అమ్మ.

"ఐవారొచ్చి పోనీమే. తర్వాత ఊరంత ముగ్గేసుకో."

ఆ తర్వాత అమ్మ నాయనతో మాట్లాడలేదు. కోళ్ళను తోలడానికి కట్టె ఇచ్చి నాయన నన్ను కాపలా పెట్టాడు. చలిలో అనపకాయలు ఒలుస్తూ కూర్చునేదాన్ని. పొయ్యి మీద ఆ గింజల పితికినపప్పు ఉడికే వాసన లోపలికి పిలుస్తున్నా లేవడానికి భయం, గాలి వీస్తే భయం, పక్కింటి దూడ అరిస్తే భయం.

ఒక పొద్దున పై వీధి సుబ్బక్క అటుగా పోతూ మా వాకిలి చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అయ్యో అత్తా, పోతివా!"

ఆమె గీత తొక్కబోతుంటే నేను కట్టె అడ్డం పెట్టాను. లోపల్నుంచి అవ్వ అరిచింది.

"యాడికి పోతానే? నువ్వు నోరు ముయ్యి, నా దగ్గు నాకే ఇనపడలే!"

చేరినవాళ్ళంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఊరంతా వాకిలి చుట్టూ చేరుతుండగా ఆ మధ్యాహ్నమే ఐవారు ఎడ్లబండిలో దిగారు. చెప్పులు విడిచి, గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగారు.

"బాగా గీసినావప్పా. కొలిచినావా?"

"కొలిస్తే నమ్మకం లేనట్టు గదా, ఐవారూ."

ఐవారు పగ్గం తీసుకుని, వంపుగీత మీద మొదటి భాగం వెడల్పు పట్టి ముడి వేశారు. చివరి భాగానికి పెడితే సరిగ్గా సరిపోయింది. నాయన ముఖం వెలిగింది. నడిమి దానికి పెడితే బెత్తెడు చాలలేదు. కాగితం మీద గీత మందంలో దాక్కున్న తేడా, వాకిట్లో ఊరందరికీ కనబడేంత పెరిగింది. ఒక్కరూ నవ్వలేదు, నాకు దానికే ఎక్కువ భయమేసింది. నాయన పగ్గం లాక్కుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"నువ్వు అడ్డగీతను మూడు చేసినావు. కోణాన్ని గాదు," అన్నారు ఐవారు మెల్లగా. మజ్జిగ తాగి బండెక్కారు. చీకటి పడకముందే నాయన మేకు పీకేసి, అమ్మ వైపు చూడకుండా, "రేపు సల్లుకో" అన్నాడు.

ఇప్పుడు ఆ వాకిలి మీదుగా తారురోడ్డు పోతోంది. మా అపార్టుమెంటు గుమ్మం ముందు ఉన్నది అంటించిన ముగ్గు. ఏ కోణాన్నయినా మూడు చేయడం కాంపాసు, బద్దలతో ఎన్నటికీ కాదని పెద్దలెవరో నిరూపించారని మనవరాలు చెప్పింది. కాదన్నదాన్ని ఎట్లా నిరూపిస్తారని నాయన ఉంటే అడిగేవాడు.

ఐవారు వచ్చిపోయిన మర్నాటి పొద్దున, అన్ని రోజులూ ఆ గీతల మీద కోపంగా ఉన్న అమ్మ, కల్లాపి బక్కెట్టు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. నాయన కొట్టం దగ్గర అటు తిరిగి ఉన్నాడు.

"నువ్వు సల్లు, పాపా," అంటూ బక్కెట్టు నాకిచ్చింది.

చల్లాను. గీతలన్నీ కరిగిపోయాయి, మేకు గుంత మాత్రం పూడలేదు. పిండి గిన్నె తీసుకుని, ముగ్గుకు మొదటి చుక్క ఆ గుంతలోనే పెట్టాను.