గోధుమరంగు పిల్ల

మా ఇంట్లో నేనొక్కదాన్నే నలుపు. అమ్మానాన్నలిద్దరూ పచ్చగా ఉంటారు. అనంతపురం నుంచి వచ్చి మడివాళలో స్థిరపడిన కుటుంబం మాది. బంధువుల ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, నలుగురిలో నా గడ్డం పట్టుకుని "ఇది మా ఇంటి రంగు కాదప్పా, యాడిదో ఏమో" అని నవ్వేది. అందరూ నవ్వేవారు. అమ్మ తల దించుకునేది. నాన్న విననట్టు పక్కకు జరిగేవాడు. నా వల్లే అమ్మ ఆ మాట పడుతోందని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఫొటో తీస్తుంటే ఎప్పుడూ వెనక వరుసలోకి దూరేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్న ఒక నల్ల లాబ్రడార్‌ను పెంచాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒకాయన దగ్గరున్న నల్ల మగకుక్కతో దానికి క్రాసింగ్ చేయించాడు. పుట్టిన పిల్లల్లో మొదటిదాన్ని ఎంచుకునే హక్కు మగకుక్క ఆసామిది. ఆయన వచ్చి చూసేసరికి నల్లపిల్లల మధ్య ఒకటి గోధుమరంగులో పడుకుని ఉంది.

"రెండూ నల్లవే గదప్పా, ఇదెట్లొచ్చె? మీ కుక్క బీదిలోకి పోయింటాది" అన్నాడు.

నాన్నకు కోపం ముంచుకొచ్చింది.

"అట్ల నోరు జారొద్దప్పా. పశువుల డాక్టర్ని అడిగినా నేను. పిల్లకి రంగు తల్లి నుంచి ఒక వంతు, తండ్రి నుంచి ఒక వంతు వస్తాది. నలుపు వంతు ఒకటుంటే చాలు, కుక్క నల్లగానే కనపడతాది. మీ దాంట్లోనూ, మా దాంట్లోనూ గోధుమరంగు వంతు లోపల దాక్కోని ఉండాది. ఆ రెండూ దీనికే వచ్చినాయి. మీ కుక్కలో లేకుంటే ఇట్లాంటిది పుట్టేదే కాదు. నోరులేని దాని మీద నింద ఎయ్యొద్దు."

నాన్నకు ఇంత బాగా మాట్లాడడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. కింద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న జేజి కూడా చేయి ఆపి వింది.

అప్పుడే కాఫీ తెచ్చిన అమ్మ గ్లాసు వచ్చినాయన చేతికిచ్చి, నాన్న వైపు తిరిగింది. గొంతు కూడా పెంచలేదు.

"కుక్క కోసం ఇంత మాట్లాడినారే. ఇన్నేండ్లలో నాకోసం మీయమ్మతో ఒక్క మాట అనలేకపోతిరి."

వచ్చినాయన అమ్మను చూసి, తర్వాత నన్ను చూసి, గబుక్కున కాఫీలోకి చూపు దించుకున్నాడు. నేను చేతులు చున్నీ కింద దాచుకుని, నాన్న ఏమంటాడా అని చూశాను. ఆయన ఆ గోధుమరంగు పిల్లను ఒళ్లోకి తీసుకుని నిమురుతూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఆయన తరఫున కూడా నేనే సిగ్గుపడ్డాను.