చిన్నమ్మ పళ్లు పీకలేదు

గోదావరిఖనిలో నేను పంటి దవాఖాన పెట్టిన కొత్తలో, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒకాయన భార్యను తీసుకొచ్చాడు. గొంతు క్యాన్సర్‌కు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాక ఆమె నోట్లో ఉమ్మి ఊరడం తగ్గిపోయింది. పళ్లన్నీ చిగుళ్ల దగ్గర పుచ్చిపోతున్నాయి.

"ముందుగాల చూసిన పండ్ల డాక్టరు మొత్తం పీకియ్యమన్నడు, బిడ్డా," అందామె.

"కరెంటు పెట్టిన దవడల పన్ను పీకితే పుండు జల్ది మానది, చిన్నమ్మా. నేను నింపుత," అన్నాను. నాకు అనుమానం లేదు. పుచ్చు తీసి, ఫ్లోరైడ్ వదిలే సిమెంటు నింపాను. ఆ ఫ్లోరైడ్ చుట్టూ ఉన్న పంటిని గట్టిపరుస్తుందని ఇద్దరికీ చెప్పాను.

"ఆ ఫ్లోరైడ్ అయిపోతే ఎట్ల మరి?" అని ఆయన అడిగాడు.

"ఫ్లోరైడ్ పేస్టుతోని రెండు పూటలా తోమాలె, కాకా. సిమెంటు అందులకెల్లి మళ్లా గుంజుకుంటది. తోమినంక ఉమ్మితె చాలు, నీళ్లతోని పుక్కిలించొద్దు."

"ఆమె మరిచిపోతది. గది నా డ్యూటీ," అన్నాడాయన.

మరుసటి ఎండాకాలం ఇద్దరూ వచ్చారు. ఒకచోట సిమెంటు అంచు అరిగితే మళ్లీ నింపాను. కొత్త పుచ్చు ఒక్కటీ లేదు. ఆమె అద్దం అడిగి తీసుకుని చాలాసేపు చూసుకుంది.

"పీకియ్యమన్నాయినకు ఒక్కసారి చూపిచ్చొస్త," అంది.