జీతం లేని లెక్కల టీచరు

ముప్పై మూడేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడని చుట్టాల పిల్లలందరూ ఎక్కాల అత్తయ్య అనేవారు. ఎవరింటికి వెళ్ళినా పిల్లల్ని నిలబెట్టి పదమూడో ఎక్కం అప్పజెప్పించుకోనిదే మంచినీళ్ళు ముట్టేది కాదు. అలాంటి మనిషికి నాలుగు నెలలకే ఇల్లు ఇరుకైపోయింది. విదేశంలోని ఒక ఆడపిల్లల బడిలో ఏడాదిపాటు ఉచితంగా పాఠాలు చెప్పేవాళ్ళు కావాలని ఏదో సంస్థ ప్రకటిస్తే, భర్తకి మాటమాత్రమైనా చెప్పకుండా దరఖాస్తు పెట్టేసింది.

"మరి నా వంటో?" అన్నాడాయన.

"నేర్చుకోండి. మీరింకా చిన్నవారేగా!"

ఆ బడి మేడమీద నాలుగు గదులు. తొమ్మిదో తరగతి బెంచీలు మరీ పొట్టివి. కూర్చుంటే పిల్లల మోకాళ్ళు బల్లకి కొట్టుకునేవి. బ్లాక్‌బోర్డు పైసగం పెచ్చులూడిపోవడంతో ఆవిడ నడుం వంచి కిందిసగంలోనే రాసేది. కాగితాలు మడిచి, చింపి భిన్నాలు నేర్పింది. రెండు నెలలకల్లా పిల్లలు సమీకరణాల్లోకి వచ్చేశారు. ఆవిడ ఆనందం పట్టలేక ఫోన్లో గంటలకొద్దీ చెబుతుంటే, అవతల భర్త అన్నం మాడబెట్టుకునేవాడు.

ఒకరోజు వెనక బెంచీలో కూర్చునే సోడాబుడ్డి కళ్ళద్దాల పిల్ల, ఆవిడ ఆరు వరసల్లో చేసిన లెక్కని మూడు వరసల్లో తేల్చేసింది.

"ఇలా ఎవరు నేర్పారే నీకు?"

"మా పాత టీచర్."

"అంత బాగా చెప్పే మనిషి ఎందుకు మానేసింది?"

పిల్ల తెల్లబోయింది. "మీరొచ్చారు కదా టీచర్!"

ఆవిడ సుద్దముక్క బల్లమీద పెట్టేసింది.

ఆ సాయంత్రమే వాకబు చేసుకుంటూ వెళ్ళింది. పాత టీచరు బట్టల దుకాణంలో, కొనేవాళ్ళు విప్పి పడేసిన చొక్కాలు మడతపెడుతోంది. నలభై ఏళ్ళు ఉంటాయి. ఈవిడ తనెవరో చెప్పగానే తలెత్తి, "పిల్లలు భిన్నాలు దాటారా?" అని అడిగింది.

"దాటారమ్మా. నాకు నిజంగా తెలీదు. తెలిస్తే వచ్చేదాన్నే కాదు."

"మీరు కాకపోతే ఇంకొకరు. పదకొండేళ్ళు చెప్పానండీ. ఒక శుక్రవారం పిలిచి, ఊరికే చెప్పేవాళ్ళు దొరికారు, సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు." మరో చొక్కా అందుకుంది. "మీరు మంచివారని పిల్లలు చెప్పారు. అదే నా ఖర్మ. కసితీరా తిట్టుకుందామన్నా నోరు రావట్లేదు."

మర్నాడు ఎక్కాల అత్తయ్య హెడ్మాస్టరుగారి గదిలోకి వెళ్ళి, "ఆవిడని మళ్ళీ పెట్టుకోండి. నేను వెళ్ళిపోతాను" అంది.

"సేవ చెయ్యడానికి వచ్చారు, చెయ్యండి. మా ఉద్యోగాల గొడవ మీకెందుకండీ?"

"నేనుంటే ఆవిడ రాదు కదా!"

"సరే, చూద్దాంలెండి" అన్నాడాయన. ఆ మాట పట్టుకుని ఆవిడ వారంలో పెట్టె సర్దేసింది. పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయి.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి కళ్ళద్దాల పిల్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మీరు వెళ్ళిన నాలుగో రోజే ఇంకో దేశం అమ్మాయి వచ్చింది. మంచిదే కానీ లెక్కలు రావు. పాటలు నేర్పుతోంది. పాత టీచర్‌ని పిలవలేదు. మీరెందుకు వెళ్ళిపోయారు?"

జవాబు రాయబోయింది, చెరిపేసింది. ఆ తరగతిలోని పంతొమ్మిది మందిలో లెక్కల్లో గట్టెక్కింది నలుగురేనని తర్వాత తెలిసింది.

ఇక్కడ ఆవిడ పూర్వం పనిచేసిన బడివాళ్ళు, విదేశంలో సేవ చేసొచ్చారంటూ సభ పెట్టారు. ఆవిడ మైకు పట్టుకుని, దాపరికం లేకుండా, "నావల్ల అక్కడ ఒక టీచరు ఉద్యోగం పోయింది. దిద్దబోయి పిల్లల చదువూ చెడగొట్టాను" అంది. పక్కనున్న పెద్దమనిషి మైకు అందుకుని, "చూశారా మేడంగారి వినయం!" అన్నాడు. హాలంతా చప్పట్లు.

మెట్లు దిగుతుంటే, ఆ బడిలోనే కొత్తగా చేరిన టీచరమ్మ పరుగున వచ్చింది.

"మేడం, ఆ సంస్థవాళ్ళ నంబరిస్తారా? సెలవుల్లో నేనూ వెళ్దామనుకుంటున్నా."

"నేను చెప్పింది విన్నావా అమ్మా?"

"విన్నాను మేడం. చాలా బాగా మాట్లాడారు" అంటూ ఆ అమ్మాయి పెన్ను తీసింది.