ఏది బాగా తెగుతుంది, బావా?

మా కింది వాటాలో ఉండే కళ్ళజోళ్ళాయన అంత భయస్థుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. లిఫ్టు ఎక్కడు. కుక్క ఎదురైతే వీధి మార్చేస్తాడు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని, అద్దాల అంచులు ఫ్రేములకు సరిపడేలా అరగదీయడం ఆయన పని. ముందు గదిలోకి వచ్చి నలుగురితో మాట్లాడమంటే తలుపు వెనకే నిలబడిపోయేవాడు. అది చూసి యజమాని కూడా ఆయన్ని వెనక గదికే వదిలేశాడు.

అలాంటి మనిషి ఇంట్లో పెట్టెల నిండా కత్తులున్నాయంటే ఎవరు నమ్ముతారు? అన్నీ జేబులో పట్టే మడతకత్తులే. కొమ్ము పిడివి, చెక్క పిడివి, ఇత్తడి పిడివి. అడుగున పచ్చగుడ్డ పరిచిన చెక్కపెట్టెల్లో ఒక్కొక్క కత్తికీ దాని ఆకారానికి సరిపోయే గుంట. ఆ గుంటలు కూడా ఆయన చెక్కుకున్నవే. వీటితో ఏం చేస్తారండీ అని అడిగితే, "ఏం చేస్తాను, చూస్తాను" అనేవాడు.

చూడడంతో ఆగేవాడు కాదు. ఏ ఉక్కు ఎలాంటిదో తేల్చుకోవడం ఆయనకు పిచ్చి. సెలవు రోజున వంటింటి బల్ల మీద నారతాడు చుట్ట పెట్టుకుని, ఒక్కో కత్తితో ముక్కలు కోసుకుంటూ పోయేవాడు. మధ్యమధ్యలో ఒక కాగితాన్ని గాల్లో పట్టుకుని దానికి బ్లేడు తాకించేవాడు. కాగితం చప్పుడు లేకుండా రెండుగా విడిపోతే పదును నిలిచినట్టు, పీక్కుంటూ చిరిగితే దిగిపోయినట్టు. పాతకాలపు కార్బన్ ఉక్కు సానరాయి మీద కాస్త తిప్పగానే పదునెక్కుతుంది, తడి తగిలిందా తుప్పు పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు గొడవ లేదు గానీ నాసిరకమైతే నాలుగు తాళ్ళకే మొద్దుబారుతుంది. మరీ గట్టి ఉక్కు పదును దిగదు, కానీ మేకు తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. మెత్తటిదైతే పెచ్చు లేవదు, అంచు ఒక పక్కకు మడత పడుతుంది. ఇదంతా చెప్పేటప్పుడు ఆయన గొంతులో బెరుకు ఉండేది కాదు. కాకపోతే వినేవాళ్ళే ఉండేవారు కాదు.

"తాళ్ళు కొయ్యడానికి అన్ని కత్తులు. ఉల్లిపాయ తరగడానికి ఒక్కటిమ్మంటే మాత్రం ప్రాణం పోతుంది ఈయనకి" అని భార్య నవ్వేది.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలు కత్తిరించే మెషిన్ మీద పనిచేసేవాడు. ఒకరోజు మెషిన్ ఇరుక్కుని పాడైంది. ఫోర్‌మన్ ఆ తప్పు అతని మీదకు నెట్టి, పని చేసేవాళ్ళందరి ముందూ చెంప మీద కొట్టి, గేటు బయటికి పంపించేశాడు. దెబ్బ కంటే అక్కడున్నవాళ్ళు నవ్వడం అతణ్ణి ఎక్కువ తినేసింది. అద్దెగది ఖాళీ చేసి అక్క ఇంటికి వచ్చేశాడు. ముందుగదిలో సోఫా మీద పడుకుని సీలింగు ఫ్యాను వైపు చూస్తూ ఉండేవాడు. అక్క పలకరిస్తే ఊఁ అనేవాడు, అన్నం పెడితే కెలికి వదిలేసేవాడు.

ఒక సాయంత్రం ఆయన పెట్టె ముందేసుకుని కత్తులకు నూనె రాస్తుంటే, బావమరిది సోఫా మీంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వీటిల్లో ఏది బాగా తెగుతుంది, బావా?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అతనే. ఆయనకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. ఒక్కొక్కటీ తీసి చేతికిచ్చాడు. తాడు కోసి చూపించాడు, కాగితం కోసి చూపించాడు. చివరికి నల్ల కొమ్ము పిడి ఉన్న పొడుగాటి కత్తి తీశాడు. బ్లేడు తెరవగానే టక్కుమని లాకు పడే రకం అది.

"పదును ఒక్కటే అయితే దీన్ని మించింది నా దగ్గర లేదు. పాత కార్బన్ ఉక్కు. ముంజేతి మీద వెంట్రుకలకు ఆనిస్తే చాలు, రాలిపోతాయి."

బావమరిది దాన్ని అందుకుని తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. పిడి అరచేతిలో ఎలా కుదిరిందో చూసుకున్నాడు. ఆయన అతని చేతిని చూశాడు గానీ ముఖం చూడలేదు. పాపం కుర్రాడికి కాస్త మనసు మళ్ళిందనుకుని సంబరపడ్డాడు.

మర్నాడు పొద్దున సోఫా ఖాళీగా ఉంది.

"బయటికెళ్ళాడండీ. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీ జర్కిన్ తొడుక్కుని మరీ వెళ్ళాడు. పని వెతుక్కోవడానికే అయ్యుంటుంది" అంది భార్య. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖం విప్పారింది.

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఈ ఎండలో జర్కిన్ ఎందుకు అన్న ఆలోచన ఆయనకు వచ్చింది. వెంటనే పోలేదు. ఊరికే అన్నట్టు లోపలికి వెళ్ళి పెట్టె మూత తీశాడు. నల్ల కొమ్ము పిడి కత్తి ఉండాల్సిన గుంటలో పచ్చగుడ్డ మాత్రమే కనిపించింది.

అక్కడే మంచం మీద కూలబడ్డాడు. ఎవరి కోసం తీసుకెళ్ళాడు? ఫోర్‌మన్ కోసమా, తన ప్రాణమే తీసుకోవడానికా? దాని మీద ఇంకొక భయం. ఆ కత్తి లాకు అరిగిపోయింది. పట్టినట్టే చప్పుడు చేస్తుంది గానీ పట్టదు. గట్టిగా ఒత్తిడి పడితే బ్లేడు వెనక్కి మడుచుకుని పట్టుకున్నవాడి వేళ్ళ మీదే పడుతుంది. చెప్పే ఉత్సాహంలో నిన్న ఆ ముక్క ఎగిరిపోయింది.

"ఏమైందండీ, అలా ఉన్నారు?" అంది భార్య గుమ్మంలోంచి.

"ఏం లేదు. షాపుకి వేళైంది" అన్నాడు. చెప్పులు తొడుక్కోబోతే ఒకటి తనది, ఒకటి ఆవిడది వచ్చాయి. మళ్ళీ మార్చుకున్నాడు.

వీధి మలుపులో పోలీస్ స్టేషన్ ఉంది. మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాడు. లోపలికెళ్ళి ఏమని చెప్పాలి? నా బావమరిది నా కత్తి తీసుకుని ఎక్కడికో వెళ్ళాడు అని చెప్పాలా? ఇంకా ఏమీ చెయ్యనివాణ్ణి పట్టుకుని లోపలేస్తే? చేసేశాక చెబితే ఏం లాభం? మెట్ల మీద నిలబడ్డ కానిస్టేబుల్ "ఏం కావాలి?" అని అడిగేసరికి, "ఏం లేదండీ" అంటూ వెనక్కి తిరిగాడు. ఆ రెండు మాటలు తప్ప ఆ పొద్దున ఆయన నోట ఇంకేమీ వచ్చేలా లేదు.

ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. మామూలు రోజైతే ఆయన దాన్ని వదిలేసి ఖాళీ బస్సు కోసం నిలబడేవాడు. ఆ రోజు జనంలో ఇరుక్కుని, ఎవరిదో మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటుంటే, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కళ్ళు మూస్తే కత్తి కనిపించింది. తెరిస్తే, ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు పరుగెడుతున్నారు. అటే పరుగెడుతున్నారేమో అనిపించింది.

ఫ్యాక్టరీ గేటు ముందు గుంపు లేదు. అరుపులు లేవు. లోపల మెషిన్లు ఎప్పట్లాగే రొద పెడుతున్నాయి. ఆయనకు కాస్త ఊపిరాడింది. రోడ్డుకి ఇవతల టీకొట్టు, దాని ముందు ఒక పొడుగాటి బల్ల. దాని చివర బావమరిది కూర్చుని ఉన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి ఉంది. మీద మీగడ కట్టింది. కుడిచెయ్యి జర్కిన్ జేబులో ఉంది.

ఆయన వెళ్ళి ఆ కుడిచేతి పక్కనే కూర్చున్నాడు.

"నువ్వెందుకొచ్చావు బావా?" బావమరిది గేటు మీంచి చూపు తిప్పలేదు.

"ఊరికే. ఇటు పనుంటే."

"అబద్ధమాడ్డం రాదు నీకు. వెళ్ళిపో."

"ఆ నల్ల కొమ్ము పిడిది నీ దగ్గరుందా?"

బావమరిది చెయ్యి జేబులో ఇంకాస్త లోపలికి పోయింది.

"దాని లాకు అరిగిపోయిందిరా. నిన్న చెప్పడం మర్చిపోయాను. పొడిచావంటే మడుచుకుపోతుంది. నీ వేళ్ళే తెగుతాయి."

బావమరిది మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అయితే ఏది తేవాల్సింది?" అన్నాడు.

తన కత్తుల గురించి ఎవరేమడిగినా ఆయన దగ్గర సమాధానం ఉండేది. ఈసారి తల అడ్డంగా ఊపాడు. "ఏదీ కాదు. నా దగ్గరున్నవాటిలో ఆ పనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఇంటికి పోదాం రా. అక్క నువ్వు పని వెతుక్కోవడానికెళ్ళావనుకుంటోంది."

బావమరిది కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. ఆ క్షణాన లేచేవాడేనేమో. సరిగ్గా అప్పుడే గేటులో చిన్నతలుపు తెరుచుకుని ఫోర్‌మన్ బయటికొచ్చాడు. లావుపాటి మనిషి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. రోడ్డు దాటి తిన్నగా టీకొట్టుకే వచ్చాడు. బల్ల మీద ఎవరున్నారో చూసి ఆగాడు.

"ఏంట్రా, ఇంకా ఇక్కడే తచ్చాడుతున్నావా? బుద్ధి రాలేదా?"

జేబులోంచి టక్కుమని చప్పుడు వినిపించింది. టీకొట్టువాడికి వినపడి ఉండదు, ఫోర్‌మన్‌కి అంతకంటే వినపడి ఉండదు. ఆ చప్పుడు ఏమిటో తెలిసినవాళ్ళు ఇద్దరే.

ఆయన ఆలోచించలేదు. తన చెయ్యి కూడా ఆ జేబులోకి దూర్చాడు. బావమరిది పిడికిలి తగిలింది, దాని ముందు చల్లటి ఉక్కు తగిలింది. దేన్ని పట్టుకుంటున్నాడో తెలిసే పట్టుకున్నాడు. బావమరిది చెయ్యి ఒక్క ఊపు ఊపింది. ఆయన వేళ్ళు ఇంకా బిగించాడు. నొప్పి వెంటనే తెలియలేదు, ముందు వెచ్చదనం తెలిసింది.

"ఈయనెవరు?" అన్నాడు ఫోర్‌మన్.

"నేను... వీడి బావనండీ." తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ఇంకేదో అనాలి, ఇతన్ని ఇక్కణ్ణుంచి పంపించాలి. ఏం అనాలో తోచలేదు. తల పైకెత్తి ఆ ముఖంలోకి చూస్తే, ఎప్పుడు ఎవరి ముఖంలోనైనా తను చూసేదే కనిపించింది. "మీ కళ్ళజోడు ఒక పక్కకు ఒరిగిందండీ."

"ఏంటి?"

"ఎడమ కాడ వంగింది. చెవి వెనక నొక్కుతూ ఉంటుంది. సాయంత్రానికి తలనొప్పి కూడా వస్తుండాలి."

ఫోర్‌మన్ కళ్ళజోడు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. జోడు లేని ఆ ముఖం ఎదుటివాణ్ణి ఆనవాలు పట్టలేక తికమకపడుతూ, మెత్తగా, ముసలిగా ఉంది. బావమరిది కూడా ఆ ముఖాన్నే చూస్తున్నాడు. కత్తి పిడి మాత్రం వదల్లేదు.

"అవును, వస్తోంది. మా ఆవిడ బీపీ అంటుంది" అన్నాడు ఫోర్‌మన్.

"బీపీ కాదండీ. ఏ కళ్ళజోళ్ళ షాపులోనైనా నిమిషంలో సరిచేస్తారు."

ఫోర్‌మన్ జోడు మళ్ళీ పెట్టుకుని ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "సరే, వీణ్ణి ఇంటికి తీసుకెళ్ళండి. ఇంకోసారి ఇటు రాకూడదని చెప్పండి" అని, టీ కూడా తాగకుండా, చెవి వెనక వేలితో రుద్దుకుంటూ గేటులోకి వెళ్ళిపోయాడు.

చిన్నతలుపు మూసుకున్నాక బావమరిది పిడికిలి వదులైంది. ఆయన మాత్రం వదల్లేకపోయాడు. వేళ్ళు మాట వినలేదు. జర్కిన్ అంచు నుంచి బల్ల మీదకు చుక్కలు రాలడం చూసి బావమరిది ముఖం పాలిపోయింది.

"బావా, చెయ్యి తియ్యి. బావా, నీకు దండం పెడతాను, తియ్యి."

అతనే ఒక్కొక్క వేలూ విప్పాడు. తన ఇస్త్రీ చొక్కా విప్పి చేతికి చుట్టాడు. ఆసుపత్రి దాకా ఆటోలో ఆ చేతిని రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఎలా తెగిందని అడిగితే, "సాన పడుతుంటేనండీ" అన్నాడు ఆయన. అరచేతిలో కుట్లు పడ్డాయి. చిటికెన వేలు నరం తెగింది, ఇక పూర్తిగా మడవలేరు అన్నాడు డాక్టరు.

భార్యకు కూడా ఆయన అదే అబద్ధం చెప్పబోయాడు. తమ్ముడు చెప్పనివ్వలేదు. వంటింట్లో గోడకానుకుని నేల మీద కూర్చుని, మొదటి నుంచీ అంతా అక్కకు చెప్పేశాడు. ఆవిడ అరవలేదు. స్టవ్ ఆపి, వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. అతని తల తన భుజానికి ఆనించుకుని, "నాతో ఒక్కమాట అనుండకూడదురా" అంది. ఆ తర్వాత కత్తుల పెట్టెలన్నీ తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆయన అడ్డు చెప్పలేదు. ఆ నల్ల కొమ్ము పిడిదాన్ని మాత్రం మర్నాడు షాపుకి తీసుకెళ్ళి, అద్దాలు అరగదీసే చక్రం మీద అంచంతా పోయేదాకా అరగదీశాడు. అంత మంచి ఉక్కును చేతులారా పాడుచేస్తుంటే ఏడుపొచ్చిందని నాతో అన్నాడు.

బావమరిది ఇప్పుడు పడవలు బాగుచేసే చోట పనిలో ఉన్నాడు. వేరే గది తీసుకున్నాడు. వారానికోసారి అక్క దగ్గరికి భోజనానికి వస్తాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు. ఆ విషయం ఎవరూ ఎత్తరు.

అతను రావాల్సిన రోజున బస్సు ఆలస్యమైతే మా కళ్ళజోళ్ళాయన ఇంట్లో కూర్చోలేడు. మెట్లెక్కి పైకి వచ్చి, మా వరండాలో నిలబడి వాన గురించో, కొళాయి గురించో మాట్లాడతాడు. కళ్ళు మాత్రం వీధి మీదే ఉంటాయి. ఈ కథంతా అలాంటి ఒక సాయంత్రం ఆయన చెప్పిందే. చెప్తూ చెప్తూ ఉండగా కింద వీధి తలుపు తీసిన చప్పుడైంది. "వచ్చినట్టున్నాడండీ" అని మాట మధ్యలోనే వదిలేసి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.