పెచ్చు లేవని గ్లాసు

ఇనుము మీద గాజు పూత ఎలా అంటుకుంటుంది, ఎందుకు ఊడుతుంది అన్నది నా థీసిస్. పాత ఎనామిల్ సామాను కోసం శృంగవరపుకోట చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ ఒక రైతు ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి మామ్మ అరుగు మీద కూర్చోమంది.

“ఏ ఊరు బాబూ? ఏటోలు మీరు?”

ఊరి పేరు చెప్పాను. కులం అడిగిన రెండోదానికి నవ్వి ఊరుకున్నాను.

కోడలు టీ తెచ్చింది. నాకిచ్చింది నీలం అంచున్న ఎనామిల్ గ్లాసు. వేడికి ఇనుము సాగినంతగా పూత సాగదు, చిన్న దెబ్బకే అంచు పెచ్చులూడుతుంది. దీనికి ఒక్క పెచ్చూ లేవలేదు. అలాంటిది నాకు అంతవరకూ దొరకలేదు.

“ఇంత కొత్తగా ఎలా ఉంది మామ్మా?”

“మా అత్త నాటిది. ఎప్పుడో గాని తియ్యం బాబూ. ఎవులో ఏటో తెలీనోలు వస్తే అందులో ఇస్తాం” అంది, మామూలుగానే.

అప్పుడు చూశాను. వాళ్లిద్దరి చేతుల్లో స్టీలు గ్లాసులున్నాయి.

“తాగీసి, ఆ కుళాయి కాడ కడిగీసి, గోడ మీద బోర్లించీ నాయనా” అంది, ఆప్యాయంగా. అలాగే చేశాను.

పూత చెక్కుచెదరకపోవడానికి కారణం థీసిస్‌లో ‘వాడకం తక్కువ’ అని రాశాను. గైడ్ దాని కింద గీత గీసి, ‘ఎందుకో వివరించండి’ అని రాశారు.