ఊటకాడి పొన్నగంటి

కామెర్ల నుంచి తేరుకుంటున్న నా భార్య, పొన్నగంటి కూరైతే రెండు ముద్దలు తింటానంది. కర్నూలు మార్కెట్లో దొరకలేదు. ఒక మురుగు కాలువ గట్టున గుబురుగా కనబడితే కోసుకున్నాను. ఆకు పెద్దదైతే తక్కువ కోసినా కూరకు చాలుతుందని నా లెక్క.

ఇంటికి తిరిగొస్తుంటే, కడప బస్సులో పక్కన కూర్చున్న పెద్దామె నా సంచిలోకి తొంగిచూసింది.

"యాడ కోసినావప్పా?"

చెప్పాను.

"మురుగు తాగి బలిసిన ఆకప్పా ఇది! ఎవరికి?"

"మా ఇంటామెకు. కామెర్లొచ్చి ఇప్పుడే లేచింది."

"మళ్లా పండబెడతావా ఏంది?" అంటూ కట్టంతా కిటికీలోంచి విసిరేసింది.

ఆమె తన బుట్టలో తడిగుడ్డ విప్పి, చిన్న ఆకుల పొన్నగంటి కట్ట నా ఒళ్లో పెట్టింది.

"మా చెరువు కింద ఊటకాడిది. బాలింత కూతురికని తీస్కపోతాండా. దానికి మునగాకు వండుతాలే. కాడలు పారేయాకు, తడిలో గుచ్చు."

దువ్వూరులో దిగిపోయింది.

ఆ పూట నా భార్య మారు వడ్డించుకుంది. కాడలు మా నీళ్లతొట్టి పక్కన పాకాయి. మా వీధిలో ఎవరింట బాలింత ఉన్నా, మేం వండుకోకముందే ఒక కట్ట ఆ ఇంటికి పోతుంది.